జాన్ గ్రియర్సన్: డాక్యుమెంటరీని నిలబెట్టిన నిర్వాహకుడు

స్కాట్లండ్‌లో పుట్టిన జాన్ గ్రియర్సన్ (1898–1972) దర్శకుడిగా ప్రధానంగా ఒక్క చిత్రంతోనే గుర్తుండిపోయినా, నిర్వాహకుడిగా ఆయన తీర్చిదిద్దిన సంస్థలు డాక్యుమెంటరీకి దీర్ఘకాలిక ఆధారం కల్పించాయి. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదువు ముగించి, 1924లో రాక్‌ఫెల్లర్ ఉపకారవేతనంపై అమెరికా వెళ్లిన ఆయన, పత్రికలూ సినిమాలూ ప్రజాభిప్రాయాన్ని మలిచే తీరును అధ్యయనం చేశారు. సంక్లిష్టమైన ఆధునిక సమాజం సామాన్య పౌరుడికి అంతుపట్టదన్న అమెరికా పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ వాదనలోని సమస్యను గుర్తించినా, అందులోని నిరాశను మాత్రం అంగీకరించక, సినిమా ద్వారా పౌరుడికి తన లోకాన్ని పరిచయం చేయవచ్చని ఆయన నమ్మారు. రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన ‘మోవానా’పై 1926లో రాసిన సమీక్షలో ఆయన వాడిన ‘డాక్యుమెంటరీ’ అన్న మాట, వాస్తవ జీవితాన్ని కళాత్మకంగా మలచి చూపే చిత్రాలకు క్రమంగా స్థిరపడింది.

బ్రిటిష్ సామ్రాజ్య ఉత్పత్తుల వాడకాన్ని ప్రోత్సహించే ఎంపైర్ మార్కెటింగ్ బోర్డు కోసం, ఉత్తర సముద్రపు జాలర్ల శ్రమపై ఆయన తీసిన ‘డ్రిఫ్టర్స్’ 1929లో విడుదలై ప్రశంసలు అందుకుంది. ఆ విజయం తరువాత దర్శకత్వం కంటే దర్శకులను తయారుచేయడానికే ఆయన ప్రాధాన్యమిచ్చి, బాసిల్ రైట్, ఆర్థర్ ఎల్టన్ వంటి యువకులను చేరదీశారు. 1933లో బోర్డు రద్దు కాగా, ఆ బృందం తపాలా శాఖకు మారి, రాత్రి తపాలా రైలు ప్రయాణాన్ని కవి ఆడెన్ పద్యంతో, స్వరకర్త బ్రిటెన్ సంగీతంతో చిత్రించిన ‘నైట్ మెయిల్’ (1936)ను అందించింది. అయితే పోషకుడి ప్రయోజనం చిత్రానికి హద్దు గీసే ప్రమాదం కూడా ఈ పద్ధతిలో ఉంది: గ్యాస్ పరిశ్రమ ఆర్థిక సహాయంతో ఎల్టన్, ఎడ్గార్ ఆన్‌స్టీ తీసిన ‘హౌసింగ్ ప్రాబ్లమ్స్’ (1935) మురికివాడల నివాసులను కెమెరా ముందు స్వయంగా మాట్లాడించినా, వారి పేదరికానికి మూలాలేమిటన్న చర్చలోకి వెళ్లలేదు.

కెనడా ప్రభుత్వం ఆహ్వానించగా 1938లో గ్రియర్సన్ సమర్పించిన నివేదిక ఆధారంగా మరుసటి సంవత్సరం చట్టం వచ్చి, నేషనల్ ఫిల్మ్ బోర్డు ఏర్పడింది. దానికి తొలి కమిషనర్‌గా ఆయన యుద్ధప్రచార చిత్రాలను నిర్మింపజేస్తూనే, నార్మన్ మెక్‌లారెన్‌ను రప్పించి యానిమేషన్‌లో ప్రయోగాలకు చోటిచ్చారు. 1945లో పదవి వీడిన తరువాత యునెస్కోలోనూ బ్రిటిష్ సమాచార శాఖలోనూ బాధ్యతలు నిర్వహించారు.

ప్రభుత్వ ధనంతో డాక్యుమెంటరీలు తీసే సంస్థలు ఇతర దేశాలలోనూ వెలిశాయి. భారతదేశంలో 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ ఆ కోవకు చెందినదే. పోషణతోపాటు స్వేచ్ఛ కూడా ఉండాలన్న అవసరాన్ని గుర్తించి, కెనడా 1950లో కొత్త చట్టం ద్వారా ఫిల్మ్ బోర్డుకు మరింత స్వతంత్రత కల్పించింది. గ్రియర్సన్ డాక్యుమెంటరీకి ప్రజాధనాన్ని సాధించిపెట్టగా, ఆ ధనం వెంట వచ్చే అదుపు నుంచి దానిని కాపాడే బాధ్యత తరువాతి తరాలది అయింది.