హార్మోనియం: నిర్మాణం, మెరుగులు
పద్యనాటకానికి ఊపిరైన ఈ వాద్యం 1840 దశకంలో పారిస్‌లో డిబెయిన్ చేతుల్లో కాలితో తొక్కే పెట్టెగా రూపుదిద్దుకుంది. నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ మరో చేత్తో వాయించేలా దాన్ని మలిచిన ఘనత కలకత్తా ద్వారకానాథ్ ఘోష్‌ది. అకార్డియన్‌లాగే ఇందులోనూ గాలికి అదిరే లోహపు రీడే పలుకుతుంది. రీడు కొసను గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. చెయ్యి ఏమాత్రం బరువైనా రీడు పాడవుతుంది.

మెట్ల పలకను పక్కకు జరిపే స్కేల్ ఛేంజర్ నాటక హార్మోనిస్టుకు నిజమైన వరం: నటుడి శ్రుతి మారినా వేళ్ల వరస మారదు. గమకం పలకదన్న లోపం మాత్రం మిగిలింది. ఇలాంటి లోపాల వల్లే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. తర్వాత విద్యాధర్ ఓక్ 22 శ్రుతుల హార్మోనియం రూపొందించారు.