పచ్చబొట్టులోకి ఎరుపు వచ్చిన తరువాత

ముదిగుబ్బ పరిసర గ్రామాలలో వృద్ధ స్త్రీల ముంజేతులపై పచ్చబొట్లు నేటికీ కనిపిస్తాయి. ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి సూదులతో పొడిచినవి అవి. వాడినది ప్రధానంగా దీపపు మసి, ఆకుపసరు. మసి నల్లనిదే, చర్మపు లోపొరలో చేరాక పైకి నీలిపచ్చగా కనిపిస్తుంది. పేరులోని పచ్చదనం అదేనని నా ఊహ. మసి అంటే కర్బనం. దానికి అలర్జీ అరుదు. (సూది అపరిశుభ్రత వలన వచ్చే జబ్బుల సంగతి వేరు.)

1891లో న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ విద్యుత్ టాటూ యంత్రానికి పేటెంటు పొందాడు. ఇరవయ్యవ శతాబ్దిలో రంగుల టాటూలు విస్తరించాయి. ఎరుపుకు ఇంగిలీకం, అనగా పాదరసపు సల్ఫైడు. పసుపుకు కాడ్మియం సల్ఫైడు. ఆకుపచ్చకు క్రోమియం లవణాలు. ఒకే బొమ్మలో నల్లగీత మామూలుగా ఉండి, ఎర్రగీత మాత్రమే ఉబ్బి దురదపెట్టడాన్ని వైద్యులు గమనించారు. కాడ్మియపు పసుపు ఎండ తగిలితే వాస్తుంది. అనంతపురం ఎండలో దాని సంగతి వేరే చెప్పాలా!

తరువాత పాదరసం పోయి అజో రంగులు వచ్చాయి. అయినా అలర్జీలో నేటికీ ఎరుపుదే అగ్రస్థానం. పొడిపించుకున్న నెలలకు, ఒక్కొక్కప్పుడు ఏళ్లకు అది బయటపడుతుంది. 2022 జనవరి నుండి ఐరోపా సమాఖ్య టాటూ సిరాలలోని వేలాది రసాయనాలపై ఆంక్షలు విధించింది.

దురదపెట్టే ఎర్ర టాటూను లేజరుతో చెరిపించుకోవడానికి తొందరపడకండి. రంగు ముక్కలై శరీరమంతటా వ్యాపిస్తే దద్దుర్లు ఒళ్లంతా పొక్కవచ్చు. అరుదుగా ప్రాణాపాయమూ కలుగుతుంది. ముందు చర్మవైద్యునికి చూపించండి.