చిన్న చేతికి ఏ పిస్టల్?

పిల్లలకు గురి నేర్పే ముచ్చట వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. అసలు చదువు .22 రిమ్‌ఫైర్ పిస్టల్‌తోనే మొదలవ్వాలని, ఎయిర్ పిస్టల్ అది దొరకనివాళ్ల సర్దుబాటని ఒకటి. ఆయుధ చట్టం పిల్లలకు .22ను అందనివ్వలేదు కాబట్టే ఆ సర్దుబాటు తప్పలేదని రెండోది. రెండూ కలిపి చెబితే కథ సాఫీగానే ఉంటుంది. తేదీలు ముందేసుకుని చూస్తే మాత్రం కుదరదు.

.22 తొలి దశలన్నీ తెలిసినవే. నిప్పు రాజేసే మందు తూటా అడుగు అంచులోనే ఉండి, సుత్తి ఆ అంచును కొట్టగానే పేలే రిమ్‌ఫైర్ ఏర్పాటు 1845 ప్రాంతంలో ఫ్రాన్సులో ఫ్లోబేర్ చేతిలో రూపు దిద్దుకుంది. 1857లో స్మిత్ అండ్ వెసన్ దాన్ని రివాల్వర్‌కు ఎక్కించింది. నేటికీ చెలామణిలో ఉన్న .22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. 1949లో వచ్చిన రూగర్ పిస్టల్‌తో అమెరికాలో .22 ఇంటింటి వస్తువైంది. పిల్లలకు మొదటి పిస్టల్‌గా .22ను చెప్పే పుస్తకాలు ఎక్కువగా ఆ నేల మీద పుట్టినవే. మన దగ్గర ఆ నేల లేదు. 1948లో ఎన్‌సీసీ ఏర్పడ్డాక ఆదిలాబాద్ వంటి జిల్లాల్లో కాలేజీ కుర్రాడు మొదట ముట్టుకున్నది .22 రైఫిల్‌ను, అదీ బోర్లా పడుకుని, లెక్కపెట్టి ఇచ్చిన తూటాలతో. పిస్టల్ పోలీసు అధికారి నడుముకే పరిమితం. కాబట్టి ఎయిర్ పిస్టల్ వచ్చి .22 పిస్టల్‌ను తోసేసిందనే మాటకు ఇక్కడ ఆధారమే లేదు. తోసేయడానికి ముందు అక్కడ ఏదో ఒకటి ఉండాలి కదా.

వివాదమంతా 1980ల దశకంలో ఉంది. 1982 ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో తుగ్లకాబాద్ రేంజి కట్టారు. మరుసటేడు ఆయుధ చట్టాన్ని సవరించి, తుపాకి కలిగి ఉండటానికి కనీస వయసును 16 నుంచి 21కి పెంచారు. దశకం నడుమ సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి మూసుకుపోయింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ పిస్టల్ తొలిసారి అడుగుపెట్టింది. వీటిలో 1983 సవరణనే కారణంగా చూపడం రివాజు. కానీ అదే చట్టం 9వ సెక్షన్‌లోని రెండో ఉపవిభాగం, నిర్ణీత వయసు నిండిన పిల్లలు శిక్షణలో తుపాకి వాడవచ్చని సవరణకు ముందూ చెప్పింది, తర్వాతా చెప్పింది. నియమావళి ఆ వయసును పన్నెండేళ్లుగా పెట్టింది. పక్కన పెద్దవాళ్లు ఉండాలి, అంతే. సొంతం చేసుకోవడం వేరు, నేర్చుకోవడం వేరు. చట్టం మొదటిదానికి అడ్డుపడింది, రెండోదానికి కాదు. జర్మనీని చూసినా ఇదే తేలుతుంది. అక్కడ క్లబ్బుల్లో పన్నెండేళ్లకు గాలి తుపాకి, పద్నాలుగేళ్లకు .22 ఇవ్వొచ్చు. దిగుమతి ఇబ్బంది లేదు, తూటాలకు కరువు లేదు. అయినా పిల్లలు గాలి తుపాకితోనే మొదలుపెడతారు. దిగుమతి ఆంక్షల పాత్ర బొత్తిగా లేదని నేననను. పోటీ నాణ్యత గల తూటా ఇప్పటికీ బయటి నుంచే రావాలి. అంచు నలిగిన రిమ్‌ఫైర్ తొడుగును మళ్లీ నింపుకునే వీలూ లేదు. అయితే అది మార్పును వేగిరపరిచిన కారణమే గానీ పుట్టించిన కారణం కాదు. పుట్టించింది 1988. ఒలింపిక్ పతకం పది మీటర్ల గదిలోకి వచ్చాక కోచ్‌లు అటే వెళ్లారు.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటుంది. ఎయిర్ పిస్టల్ ఎదురుదెబ్బను నేర్పదు. మూడు సెకన్లలో చెయ్యి లేపి కాల్చే పాతిక మీటర్ల .22 పోటీ వేగాన్ని అంతకన్నా నేర్పదు. నిజమే. పైగా ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌కు కనీసం 500 గ్రాముల బరువు చాలు, పాతిక మీటర్ల పిస్టల్‌కు 1000 గ్రాములు ఉండాలి. తేలిక ట్రిగ్గర్‌కు అలవాటుపడిన వేలు ఆ బరువు దగ్గర తడబడుతుంది. కానీ మొదటి ఏడాది పాఠం వేగం కాదు, నిలకడ. ఎయిర్ పిస్టల్ పెల్లెట్ .22 గుండులో దాదాపు సగం వేగంతోనే బయటికొస్తుంది. గొట్టంలో ఉన్న ఆ కాస్త ఎక్కువసేపట్లో మణికట్టు వణికితే అదీ టార్గెట్ మీద పడుతుంది. పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరంత. తప్పును చెవి అదిరే చప్పుడు కప్పేయదు కనుక పిల్లవాడికి తన తప్పు తనకే కనిపిస్తుంది. తీరా .22 దగ్గరికి వచ్చాక చాలామంది తల్లిదండ్రులు చేసే పొరపాటు వేరే ఉంది: చిన్న చేయి కదా అని జేబులో పట్టే చిన్న పిస్టల్ కోసం వెతకడం. పొట్టి గొట్టం మీద ముందు వెనుక సైట్ల మధ్య దూరం తగ్గి, చిన్న వంపు కూడా టార్గెట్ దగ్గర పెద్ద తప్పవుతుంది. చిన్నగా ఉండాల్సింది పిడి, పిస్టల్ కాదు. పాతిక మీటర్ల పోటీ పిస్టల్ 1400 గ్రాముల దాకా ఉండొచ్చు. చెక్కపిడిని అరచేతికి తగ్గట్టు అరగదీసి, బరువు మరీ ముందుకు లాగకుండా చూసుకుంటే పన్నెండేళ్ల చేయి దాన్ని మోస్తుంది.

హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ దారి ఈ వాదానికి దగ్గరి సాక్ష్యం. 2014లో తొమ్మిదేళ్లకు గచ్చిబౌలిలో ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టి, 2018లో పదమూడేళ్లకే అదే విభాగంలో జాతీయ చాంపియన్ అయింది. 2023 హాంగ్జౌ ఆసియా క్రీడల్లో పాతిక మీటర్ల .22 పిస్టల్‌లో జట్టుకు స్వర్ణం, తనకు రజతం తెచ్చింది. 2025 కైరో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆ విభాగంలోనే కాంస్యం గెలిచింది. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం నిలబడదని తెలుసు. వెనుక నిలిచే కుటుంబం, ఆమెకు పూణెలో దొరికినలాంటి శిక్షణ అందరికీ దొరకవు. నా అసంతృప్తి కూడా అక్కడే. ఇప్పటి కోచింగ్ సెంటర్లు పిల్లవాడు నిలబడటం నేర్వకముందే లక్షల విలువైన విదేశీ పిస్టల్ కొనిపిస్తున్నాయి. మరోవైపు 4.5 మిల్లీమీటర్లు మించని గొట్టం, 20 జౌళ్లు మించని శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సే అక్కర్లేదని 2016 ఆయుధ నియమావళి చెబుతున్నా, జిల్లాల్లో దాన్ని వాడుకున్నది తక్కువ. గచ్చిబౌలి రేంజి ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడకు రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా దూరం. పాతిక మీటర్ల రేంజికి మట్టికట్ట, కాపలా, తూటాల లెక్క కావాలి. అవి మండలానికి ఒకటి పెట్టమని అడగడం అత్యాశే. పది మీటర్ల వరుసకు మాత్రం బడిలో ఒక పొడవాటి గది, గట్టి వెనుక గోడ, పెల్లెట్లు పట్టే పెట్టె, నేర్పే మనిషి ఉంటే చాలు. ఇచ్చోడలో ఇంకా లేనివాటిలో కొనలేనిది ఆ చివరిది ఒక్కటే.