ఉన్నదున్నట్లు

సికందర్ జా పేరిట 1806లో వెలసి, జనుల నోట లష్కరుగా స్థిరపడిన సికింద్రాబాదున పాతసామాను బేరము కంటోన్మెంటుతోడనే పుట్టినదనవచ్చును. బదిలీ ఉత్తర్వు వచ్చిన దొర బల్లలు, బీరువాలు, బగ్గీ, గుఱ్ఱము అమ్ముకొని పోవలసినదే. కొలువులోనుండగా మరణించినచో అతని సామగ్రిని హర్రాజు వేసి, అప్పులు తీర్చి, మిగిలిన సొమ్మును వారసులకు పంపుటకు సైన్యమున ఒక సంఘమే ఏర్పడెడిది. ఇట్టి హర్రాజులలో కుంటికాలు దాచిన గుఱ్ఱములెన్ని చేతులు మారినవో కాని, 1872 నాటి కాంట్రాక్టు చట్టమును కూర్చినవారు మోసమనగా నేమో వివరింపబూని ఉదాహరణముగ గ్రహించినది గుఱ్ఱమునే.

ఆ ఉదాహరణములు చదువదగినవి. లోపమున్నదని యెఱిగియు గుఱ్ఱమును వేలమున అమ్మినవాడు ఏమియు పలుకకున్నచో అది మోసము కాదు. కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన కన్నకూతురైనచో చెప్పితీరవలెను. కొనువాడు, కాదనకున్నచో గుఱ్ఱము బాగున్నదనుకొందునని ముందుగా తెలిపినపిదప అమ్మువాడు మౌనము వహించెనేని, ఆ మౌనము మాటతో సమానము. కూతురి యెడల ఇంత శ్రద్ధ చూపిన చట్టము పరాయివానిని మాత్రము అతని కన్నుల భరోసాకే విడిచినది. 1930 నాటి వస్తువిక్రయ చట్టము, వర్ణించి అమ్మిన వస్తువు ఆ వర్ణనమునకు సరిపోవలెనని విధించినను, కొనువాడే చూచుకొనవలెనను మూలసూత్రమును వదలలేదు.

మన ప్రాచీనుల దృష్టి వేఱు. నాసిరకపు సరకును, తక్కువ తూగుదానిని, దూరముననున్నదానిని, కప్పిపెట్టినదానిని అమ్మరాదని మనుస్మృతి నిషేధించినది. రోగపు పశువును ఆరోగ్యవంతమని చెప్పినవానికి కౌటిల్యుడు 12 పణముల దండనము విధించెను. యాజ్ఞవల్క్యుడు పరీక్షకు గడువే యిచ్చెను: ఇనుమునకు 1 దినము, పాడిపశువునకు 3, బరువు మోయు పశువునకు 5, రత్నములకు 7, విత్తనములకు 10. యాజ్ఞవల్క్యుని స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దమున కేతన తెలుగుపద్యములలోనికి తెచ్చెను. ఇనుమును మ్రోగించి చూచిన చాలును. విత్తనము మొలకెత్తినగాని గుణము బయటపడదు. గడువు వస్తుస్వభావమును బట్టి యుండుటలోనే ఆ శాస్త్రకారుల లోకజ్ఞత కానవచ్చుచున్నది.

సంతకు పోయిన రైతు ఎద్దు నోరు తెఱచి పండ్లు చూచి, సుళ్ళు పరికించి, నాలుగడుగులు నడిపించి, మూపురమును అరచేత నదిమి, పిమ్మటనే దళారితో తువ్వాలు చాటున వ్రేళ్ళు కలిపెడివాడు. ధర రహస్యము, సరకు బహిరంగము. నేటి ఫోను బేరమున ధర బహిరంగము, సరకు రహస్యము.

సికింద్రాబాదు చెంత చెరువు నానుకొనియున్న ఒకప్పటి పల్లె కాప్రా ఈ క్రొత్త సంతకు తగిన తావైనది. 1967లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, ఆ వెనుక అణు ఇంధన సంస్థ ఎన్ఎఫ్‌సీ, చెంతనే మాజీ సైనికాధికారుల సైనిక్‌పురి, ఈసీఐఎల్ సంస్థాపకుని పేరిట ఏ.ఎస్. రావు నగర్ వెలసి, 2007లో కాప్రా మున్సిపాలిటీ హైదరాబాదు మహానగరమున కలిసిపోవునాటికి, బదిలీలు, పదవీవిరమణలు, పిల్లల వెంట అమెరికా ప్రయాణములు ఇంటింట పాతసామానును ప్రోగుచేసినవి. "ఆర్మీ ఆఫీసర్ వాడిన బండి, సింగిల్ హ్యాండ్, షోరూం కండిషన్, అర్జెంట్ సేల్": ఇట్టి ప్రకటన నెవ్వరెఱుగరు? అందు మొదటి రెండు మాటలు యజమానుని గూర్చినవి, చివరిది అమ్మువాని తొందరను గూర్చినది. బండిని గూర్చిన మాట ఒక్కటే, అదియు రుజువు లేనిది. ఫ్రిజ్ చిత్రమున ఎదుటి తలుపు మెఱయును; కాళ్ళకడ తుప్పు కాని, కంప్రెసర్ మ్రోత కాని చిత్రమున కెక్కవు. సైనికుని పేరిటి నమ్మకమును ఆసరాగొని, ఆ వేషమున ప్రకటనలిచ్చి అడ్వాన్సులు కాజేయు మోసగాండ్ర గూర్చి పోలీసులు పలుమార్లు హెచ్చరింపవలసి వచ్చినది కూడ.

2020 నాటి ఈ-కామర్స్ నియమములు, ప్రకటనకు సరిపోలని వస్తువును వర్తకుడు వెనుకకు తీసికొనవలెనని శాసించినవి. కాని వృత్తిగా గాక, సొంత వస్తువును ఎప్పుడో యొకమారు అమ్ముకొను వ్యక్తికి అవి వర్తింపవు. ఇరుగుపొరుగుల బేరమునకు ఆధారము నేటికిని ఆ పాత కాంట్రాక్టు, వస్తువిక్రయ చట్టములే. కావున కొనువారు ఫోనుమాటతో తృప్తిపడక, కంప్రెసర్ మార్చిరా, బండికి యాక్సిడెంట్ అయినదా యని మెసేజ్‌లో అడిగి, కాదనకున్నచో లోపము లేదనుకొందునని చేర్చి, దానిని చెరిపివేయక దాచుకొనవలెను. ఇక అమ్మువారిని వేడునది ఒక్కటే: ఆ తుప్పును కూడ ఫోటో తీసి పెట్టుడు.