టైరు గోడ మీద రాయనిది

బైకు టైరు మార్చేటప్పుడు మనం అడిగే ప్రశ్నలు రెండే. ఏ కంపెనీది? ఎంత? కాస్త తెలిసినవాళ్ళు ఎన్ని కిలోమీటర్లు వస్తుందని కూడా అడుగుతారు. వానలో జారుతుందా అన్నది మాత్రం చాలామందికి ఒకసారి జారాకే గుర్తొస్తుంది. వీటికి జవాబుల్లో కొంత భాగం టైరు పక్కగోడ మీద ఎత్తు అక్షరాలతో ఉంటుంది. కొనేటప్పుడు దాన్ని చదివేవాళ్ళు తక్కువ. ఒకసారి పదం పదం విడదీసి, పద్యానికి ప్రతిపదార్థం చెప్పుకున్నట్టు చదివి చూద్దాం.

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 వెనక చక్రాన్నే తీసుకుందాం. దానికి అమ్మే టైర్ల మీద సాధారణంగా ఇలా ఉంటుంది: 130/70 ఆర్18 ఎం/సీ 63హెచ్.

130 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే టైరు ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, అంటే 91 మిల్లీమీటర్లు. 18 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఎం/సీ అంటే ఇది మోటార్‌సైకిల్ రిమ్ముకే, కారుకి కాదు అని. 63 ఒక పట్టికలోని అంకె. అక్కడ చూస్తే 272 కిలోల బరువు అని ఉంటుంది. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. ఒకే లైన్లో మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు, పైగా పట్టిక ముందు పెట్టుకుంటే తప్ప అర్థంకాని రెండు సంకేతాలు! ఎవరైనా కొత్త కుర్రాడు ఇలాంటి ఫార్మాట్ రాసుకొస్తే మా ఆఫీసులో కోడ్ రివ్యూ దాటనివ్వం.

కానీ దీన్ని ఎవరూ ఒక్కరోజు కూర్చుని రాయలేదు. పాత బుల్లెట్ టైరు మీద 3.25-19 అని ఉండేది. రెండూ అంగుళాలే. ఎత్తు సంగతి లేదు, ఎందుకంటే అప్పటి టైర్లకి ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానం. తర్వాత వెడల్పైన, పొట్టి టైర్లు వచ్చాయి, శాతం అవసరమైంది. యూరప్ నుంచి మిల్లీమీటర్లు వచ్చాయి. రిమ్ముల్ని మాత్రం అంగుళాల నుంచి ఎవరూ కదిలించలేకపోయారు. 1975లో మిషెలిన్ కంపెనీ టీఆర్ఎక్స్ అనే పేరుతో రిమ్ము వ్యాసం కూడా మిల్లీమీటర్లలో ఉండే కారు టైర్లు తెచ్చింది. వాటికి వేరే రిమ్ములు కావాలి, కాబట్టి అవి నిలబడలేదు. హెచ్ కథా అంతే. ఎస్ అంటే 180, టీ 190, యూ 200, వీ 240. వరస ప్రకారం పోతున్న అక్షరాల మధ్యలో, యూకి వీకి నడుమ, హెచ్ వచ్చి కూర్చుంది. ఎందుకంటే మొదట్లో ఎస్, హెచ్, వీ అని మూడే ఉండేవి. మిగతావి తర్వాత వాటి చుట్టూ పేర్చారు. లెగసీ సిస్టమ్ అంటే ఇదే.

ఈ చరిత్ర తెలిస్తే కొనేటప్పుడు లాభమే. 130 బదులు 140 వేస్తే గ్రిప్పు పెరుగుతుందని మన ఊళ్ళలో గట్టి నమ్మకం. రిమ్ము వెడల్పు మారదు కదా. వెడల్పు టైరుని ఇరుకు రిమ్ములో బిగిస్తే దాని నెత్తి గుండ్రదనం మారిపోతుంది, మలుపులో బండి వాలే తీరు మారుతుంది, ఒక్కోసారి చెయిన్‌కో స్వింగార్మ్‌కో రాసుకుంటుంది. బరువు అంకె, వేగం అక్షరం కంపెనీ చెప్పినదాని కంటే తగ్గకూడదు. ఆర్ అంటే రేడియల్, లోపలి తాళ్ళు చక్రానికి అడ్డంగా, అంచు నుంచి అంచుకి పోతాయి. ఆ అక్షరం లేకపోతే సాధారణంగా బయాస్, తాళ్ళు ఏటవాలుగా ఒకదాని మీదొకటి పోతాయి. మిషెలిన్ 1946లో కార్ల కోసం రేడియల్‌కి పేటెంట్ తీసుకుంది. రోడ్డు బైకుకి రేడియల్ రావడానికి 1983 దాకా, పిరెల్లి ఎంపీ7 దాకా ఆగాల్సొచ్చింది. కారు వాలదు, బైకు వాలుతుంది. మెత్తటి పక్కగోడలున్న టైరు మీద వాలడం వేరే లెక్క. అందుకే బయాస్, రేడియల్ టైర్లని మనంతట మనం జత కలపకూడదు. బండి తయారుచేసినవాళ్ళే అలా జతచేసి ఇస్తే సరే.

ఇక పేరు. గోడ మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలు దానివే.

డన్‌లప్ పశువుల డాక్టరు. స్కాట్లండ్ మనిషి, బెల్‌ఫాస్ట్‌లో ప్రాక్టీసు. కొడుకు మూడు చక్రాల సైకిలు రాళ్ళ రోడ్డు మీద కుదిపేస్తోందని గాలి నింపిన రబ్బరు గొట్టం చక్రాలకి చుట్టాడు. 1888లో పేటెంట్ వచ్చింది. రెండేళ్ళకే అది చెల్లదని తేలింది. రాబర్ట్ విలియమ్ థామ్సన్ అనే ఇంకో స్కాట్లండ్ మనిషి 1845లోనే గాలి చక్రానికి పేటెంట్ తీసుకుని ఉన్నాడు. గుర్రబ్బగ్గీల కాలంలో దానికి గిరాకీ లేక మరుగున పడింది. థామ్సన్‌కి లేనిది, డన్‌లప్‌కి దొరికింది సైకిలు. తర్వాత మోటార్‌సైకిలు. 1885లో డైమ్లర్ చేసిన మోటారు బండికి చెక్క చక్రాలు, ఇనప పట్టాలు. 1894లో అమ్మకానికి వచ్చిన హిల్డెబ్రాండ్ వుల్ఫ్‌మ్యూలర్ బైకుకి గాలి టైర్లు. ఈ రెంటికీ మధ్య తొమ్మిదేళ్ళే తేడా.

ఆ గాలి టైర్లకి రబ్బరు కావాలి. అప్పటికి అది అడవుల్లో తప్ప దొరకదు.

కాంగో అడవుల్లో లాండోల్ఫియా అనే తీగ నుంచి రబ్బరు వచ్చేది. 1885 నుంచి ఆ దేశం బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తి. ఊరికింత రబ్బరని కోటా. తేకపోతే ఆడవాళ్ళని బందీలుగా పట్టుకునేవారు, కొరడాలతో కొట్టేవారు, చంపేవారు. తూటాలు వృథా చెయ్యలేదని రుజువు చూపించడానికి సైనికులు చచ్చినవాళ్ళ చేతులు నరికి తెచ్చేవారు. ఒక్కోసారి బతికున్నవాళ్ళవీ. 1904లో రోజర్ కేస్‌మెంట్ అనే బ్రిటిష్ అధికారి రిపోర్టు వెలువడింది. అదే ఏడాది ఆలిస్ సీలీ హారిస్ అనే మిషనరీ తీసిన ఫొటోలో న్సాలా అనే తండ్రి అరుగు మీద కూర్చుని, తెగిన తన కూతురి చెయ్యినీ పాదాన్నీ చూస్తూ ఉంటాడు. 1908లో లియోపోల్డ్ కాంగోని వదులుకోవాల్సొచ్చింది. కేస్‌మెంట్ తర్వాత పెరూ దగ్గరి పుటుమాయో అడవులకి వెళ్ళి, అక్కడి రబ్బరు కంపెనీ ఆదివాసుల్ని ఏంచేస్తోందో అదీ రాశాడు.

అడవి రబ్బరుని దెబ్బతీసింది ఈ రిపోర్టులకన్నా ఎక్కువగా తోటలు. 1876లో హెన్రీ వికమ్ బ్రెజిల్ నుంచి దాదాపు 70,000 హీవియా గింజలు లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి చేర్చాడు. మొలిచినవి సుమారు 2,700. వాటిలో ఎక్కువ మొక్కలు సింహళానికి వెళ్ళాయి, కొన్ని సింగపూర్ చేరాయి. సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌లో హెన్రీ రిడ్లీ చెట్టు చావకుండా బెరడు గీసి మళ్ళీ మళ్ళీ పాలు తీసే పద్ధతి స్థిరపరిచాడు. మన తాటిచెట్టు గీతలాంటిదే, కాకపోతే గెల దగ్గర కాదు, మాను మీద. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో మలయా అడవులు కొట్టి రబ్బరు తోటలు వేశారు. డన్‌లప్ కంపెనీకీ అక్కడ విస్తారంగా తోటలుండేవి.

గీసేదెవరు? సముద్రం ఇవతల నుంచి తెచ్చిన మనుషులు. ఎక్కువమంది తమిళులు, తర్వాత చెప్పుకోదగ్గ సంఖ్యలో తెలుగువాళ్ళు. విశాఖపట్నం, గోదావరి జిల్లాల వైపు నుంచి వెళ్ళినవాళ్ళున్నారు. మనుషుల్ని తెచ్చేవాడు కంగాణీ. అతనూ తోటలో పనివాడే. దొర ఇచ్చిన డబ్బుతో సొంత ఊరికొచ్చి, అడ్వాన్సులిచ్చి, చుట్టాల్నీ పక్కింటివాళ్ళనీ ఓడెక్కించేవాడు. పనిలోకొచ్చిన ఒక్కో మనిషికి రోజుకింతని కంగాణీకి కమిషన్. అందుకే జ్వరంతో పడుకున్నవాణ్ణి లేపి నడిపించడం అతని సొంత లాభం. ఏ కంపెనీ హెచ్ఆర్ విభాగానికైనా అర్థమయ్యే ఇన్సెంటివ్ స్కీమే.

పని చీకటితోనే మొదలు. చల్లటి వేళ చెట్టులో పాలు బాగా పారతాయి, ఎండెక్కితే తగ్గిపోతాయి. వందల చెట్ల వరస ఒక మనిషికి. ఏటవాలుగా, పల్చగా, కిందటి గీతకి ఆనుకుని బెరడు గీయాలి. లోతైతే చెట్టుకి గాయం, పైపైన అయితే పాలు రావు. తర్వాత చిప్పల్లో చేరిన పాలన్నీ బకెట్లలోకి పోసుకుని మొయ్యాలి. వాటిని యాసిడ్‌తో విరగ్గొట్టి, రేకుల్లా నొక్కి, పొగలో ఆరబెట్టి ఓడెక్కిస్తారు. ఇవాళ కొట్టాయం మార్కెట్లో ధర పలికే ఆర్ఎస్ఎస్ రబ్బరు అంటే అదే, గీతలు పడ్డ పొగరేకు.

తోట కూలీలుండే వరస గదుల పేరు 'లైన్లు'. 1938లో భారత ప్రభుత్వం మలయాకి కూలీల తరలింపు ఆపేసింది. 1942లో జపాన్ మలయాని పట్టుకుంది. తోటలు మూతపడ్డాయి. బర్మా, సయాం మధ్య 415 కిలోమీటర్ల రైలుదారి వెయ్యడానికి ఆ తోటల నుంచే తమిళుల్నీ తెలుగువాళ్ళనీ పట్టుకెళ్ళారు. అక్కడ కలరాతో, ఆకలితో వేలకొద్దీ చనిపోయారు. ఆ దారి గురించి ప్రపంచానికి తెలిసిన కథలో ఎక్కువగా బ్రిటిష్, ఆస్ట్రేలియన్ యుద్ధఖైదీలే కనిపిస్తారు. బతికి బయటపడ్డవాళ్ళ వారసులు ఇవాళ మలేసియా తెలుగువాళ్ళు. పేరాక్ రాష్ట్రంలో బగాన్ దాతో చుట్టుపక్కల రబ్బరు, కొబ్బరి తోటల్లో స్థిరపడి తెలుగు బడులు నడుపుకున్నారు. ఉత్తరాంధ్రలో 'రంగం పోయాడు' అన్న మాట ఇంకా వినిపిస్తుంది, రంగూన్ మన నాలుక మీద ఉండిపోయింది. మలయాకి అంత చోటు దొరకలేదు. ఎన్నారై అనగానే సాఫ్ట్‌వేర్ గుర్తొచ్చే నా తరానికి, సముద్రం దాటి కాంట్రాక్టు మీద వెళ్ళి, దళారీకి బాకీపడి, ఎవరి కంపెనీకో పనిచేసిన మొదటి తెలుగువాళ్ళు వీళ్ళ లాంటివాళ్ళని తెలియాలి.

అదే యుద్ధం టైరుని కూడా మార్చింది. మలయా పోయాక అమెరికా పెట్రోలియం నుంచి కృత్రిమ రబ్బరు పెద్దఎత్తున చేసింది. దాని వారసులే ఇవాళ బైకు టైరు ట్రెడ్‌లో ఎక్కువ భాగం. రబ్బరు సహజరంగు నలుపు కాదు, తొలి టైర్లు తెల్లగానే ఉండేవి. నలుపు కార్బన్ బ్లాక్‌ది, అది కలిపాక టైరు ఆయుష్షు ఎన్నో రెట్లు పెరిగింది. తర్వాత సిలికా కలపడం మొదలై తడిరోడ్డు మీద పట్టు మెరుగైంది. మెత్తటి మిశ్రమం రోడ్డుని బాగా పట్టుకుని త్వరగా అరుగుతుంది, గట్టిది ఎక్కువకాలం వచ్చి తడిలో జారుతుంది. కొన్ని టైర్లకి నడుమ గట్టి రబ్బరు, పక్కల మెత్త రబ్బరు వేస్తారు. రోజూ ఆఫీసుకి నిటారుగా వెళ్ళేవాళ్ళకి నడుమే అరుగుతుంది, ఘాట్‌రోడ్లలో తిరిగేవాళ్ళకి పక్కలు. 'ఏ టైరు మంచిది' అన్న ప్రశ్నకి ముందు 'నువ్వెక్కడ తిరుగుతావు' అని అడగాల్సింది అందుకే.

గోడ మీద ఇంకో నాలుగంకెలు చిన్న గుండ్రటి గడిలో ఉంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని. డిస్కౌంటు ఎక్కువిస్తున్నారంటే ముందు ఆ గడి చూడాలి, షాపు అటక మీద కూడా టైరు ముసలిదవుతుంది. ఆ ముసలితనం ఆలస్యం చెయ్యడానికి 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అరిగిన టైరు పొడితో పాటు అది రోడ్డు మీద పడి, గాలిలోని ఓజోన్‌తో కలిసి, వాననీటితో వాగుల్లోకి పోయి అమెరికా పడమటి తీరంలో కోహో సాల్మన్ చేపల్ని చంపుతోందని 2020 చివర్లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఈ సంగతీ గోడ మీద ఉండదు.

ఇప్పుడు మళ్ళీ ఆ లైను చూద్దాం. వెడల్పు, ఎత్తు, బరువు, వేగం, పుట్టిన వారం. వాటి పక్కన ఏ దేశంలో తయారైందో కూడా. కొనేవాడి ప్రాణానికీ డబ్బుకీ సంబంధించినవన్నీ పద్ధతిగా ఉన్నాయి, ఎందుకంటే ఏదో ఒక ప్రమాదం తర్వాత, ఏదో ఒక చట్టం వాటిని రాయించింది. రబ్బరు ఏ తోటదో, ఎవరు గీశారో రాయమని ఏ చట్టమూ అడగలేదు. 2023లో యూరోపియన్ యూనియన్ చేసిన అడవుల చట్టం మొదటిసారి, తమ మార్కెట్లోకి వచ్చే సహజ రబ్బరు ఏ నేలలో పండిందో అక్షాంశ రేఖాంశాలతో సహా చెప్పాలంటోంది. అమలు వాయిదాలు పడుతూ వస్తోంది. అది ప్రధానంగా అడిగేది కూడా అక్కడ అడవి నరికారా అని. చెట్టు సంగతి రాయించగలిగితే మనిషి సంగతీ రాయించవచ్చు, 63హెచ్ పక్కన చోటు లేకపోలేదు.

అందాకా టైరు మార్చేటప్పుడు కొలత, బరువు, వేగం, తేదీ చూసుకోండి. మీరు తిరిగే రోడ్లకి తగ్గ మిశ్రమం ఎంచుకోండి. మీ తాతల ఊళ్ళలో ఎవరైనా మలయా వెళ్ళినవాళ్ళున్నారేమో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. ఉంటే, ఏ తోటో, ఏ కంపెనీదో రాసి పెట్టండి.