బోరు మార్చిన తుపాకి, మారని కులం లెక్క

తుపాకి ఇనుప వస్తువే. ఇనుము అరుగుతుంది, తుప్పు పడుతుంది, పగులుతుంది. గొట్టం దెబ్బతిన్న రివాల్వరును ఇంకో సైజు తూటా పట్టేటట్టు మార్చడం పనితెలిసిన వాళ్ళకు కొత్త సంగతేమీ కాదు. దాన్నే బోరు మార్చడం అంటారు. చూడ్డానికి ఇది కొలిమికీ లేతు మిషనుకూ సంబంధించిన పని. కాని 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ చదివితే సంగతి వేరే ఉంది. తయారు చేయడం, అమ్మడంతో పాటు మార్చడం, మరమ్మతు చేయడం కూడా లైసెన్సు లేకుండా చేయగూడని పనులే. లైసెన్సు ఎవరివ్వాలో కూడా బోరును బట్టే తేలుతుంది. నిషిద్ధ బోరు అయితే కేంద్ర ప్రభుత్వం, కాకపోతే జిల్లా మేజిస్ట్రేటు, హైదరాబాదు లాంటి చోట పోలీసు కమిషనరు. అంటే గొట్టం లోపలి వెడల్పు ఒక రాజకీయ కొలత. ఈ కొలతను ఎవరు పెట్టారు, ఎవరికి భయపడి పెట్టారు అన్నదే ఇక్కడ మేము చర్చించదలచుకున్న విషయం.

ఉస్మానియా క్యాంపస్ దాటితే తార్నాక. తార్ అంటే తీగె, నాకా అంటే కాపలా చౌకీ. తీగె కంచె, చౌకీ ఉన్న చోటు కాబట్టి ఆ పేరొచ్చిందని చెప్పుకుంటారు. రాష్ట్ర ఆర్కైవ్స్ ఉన్నది అక్కడే. షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ సైన్యం కాగితాలు వేలకొద్దీ ఉన్నాయి. సిపాయి ముఖం ఎట్లుందో, గుర్రం మీద ఏ ముద్ర ఉందో రాసుకున్న 'చెహ్రా' పత్రాలు వాటిల్లో ఉన్నాయి. గుర్రానికి కూడా చరిత్రలో చోటు దొరికింది. జీను తోలు ఊనిన మాదిగకు, గడ్డి మోసిన మాలకు ఆ పత్రంలో గడి లేదు. ఆయుధాల చరిత్ర అంటే ఇప్పటిదాకా మనకు చెప్పింది ఆయుధం పట్టినోళ్ళ చరిత్రే. పట్టనీయకుండా చేసిన చరిత్ర వేరే రాసుకోవాలె.

బోరు మార్చడం ఇక్కడ దొంగచాటు పనిగా మొదలు కాలేదు. పెద్ద ఎత్తున చేసింది ప్రభుత్వమే. 1857 తిరుగుబాటుకు ముందు సిపాయిల చేతికిచ్చిన ఎన్‌ఫీల్డ్ తుపాకి బోరు .577. దాని గొట్టం లోపల మరలు ఉండడంతో గుండు దూరం పోయేది, గురి తప్పేది కాదు. తిరుగుబాటు అణిచిన తర్వాత దేశీ సిపాయిల కోసం 1858 నమూనా అని ఒకటి తెచ్చారు. పైకి అదే తుపాకి. లోపల మరలు లేవు, గొట్టం నున్నగా .656కు వెడల్పయింది. గురి తగ్గింది. తుపాకి పాడు కాలేదు, పాడు చేసి ఇచ్చారు.

ఇదే పని 20వ శతాబ్దంలో మళ్ళీ జరిగింది. మన ఊళ్ళల్లో పిల్లలకు కూడా తెలిసిన త్రీ నాట్ త్రీ రైఫిళ్ళను బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో .410 బోరుకు మార్చారు. మరలు తీసేశారు, పది తూటాల పెట్టెను మూసేశారు. ఒకసారికి ఒక్క తూటానే. ఇవి పోలీసులకు, జైలు కాపలావాళ్ళకు ఇచ్చిన తుపాకులు. ఎవరైనా గుంజుకున్నా సైన్యం తూటా దాంట్లో పట్టదు. జనానికి భయపడి, జనం మీద కాపలా పెట్టిన తన నౌకరుకు కూడా భయపడి, తెల్లదొర ఆ కొలత పెట్టాడు.

షికారుకు పోయే దొర సంగతి వేరు. 20వ శతాబ్దం తొలి దశకంలో .450 బోరును ఇండియాలో నిషేధిస్తే ఇంగ్లండు కంపెనీలు ఆయన కోసం .470, .465 అని కొత్త బోర్లు తయారు చేసి పంపాయి. 1878 ఆయుధాల చట్టం కింద యూరోపియన్లకు మినహాయింపులుండేవి. చట్టం ఒకనికి గొట్టం మూస్తే ఇంకొకనికి కొత్త గొట్టం కొనిపెట్టింది.

ఈ అపనమ్మకం తెల్లవాళ్ళదే అయితే కథ అక్కడితో ఒడిసేది. కాని అది కులంతో చేయి కలిపింది. 1818 కోరెగాం యుద్ధంలో కంపెనీ తరఫున మహర్లు పోరాడారు. మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్‌లో పరయలు ఎక్కువగా ఉండేవాళ్ళు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా, ఆ తర్వాత 1893 దాకా మొత్తం ఇండియాకు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్ 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతాన్ని నెత్తికెత్తుకున్నాడు. దక్షిణాది సిపాయి పనికిరాడన్నాడు. 1890ల మొదట్లో మహర్ల భర్తీ ఆగిపోయింది. 1894లో గోపాల్ బాబా వలంగ్కర్ దీని మీద అర్జీ తయారు చేశాడు. సుబేదారు రాంజీ సక్పాల్ కొడుకు అంబేద్కర్‌కు ఇది ఇంటి కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు కావాల్సొచ్చి 1917లో 111వ మహర్ పటాలం పెట్టారు, యుద్ధం అయిపోయినంక ఎత్తేశారు. మహర్ రెజిమెంట్ నిలబడింది 1941లోనే. అవసరముంటే వీరుడు, తీరితే అంటరానివాడు. 1936లో 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ చేసిన వాదన ఈ అనుభవం మీద నిలిచిందే: చాతుర్వర్ణ్యం కింది కులాలకు ఆయుధం లేకుండా, చదువు లేకుండా చేసింది కాబట్టే ఇక్కడ తిరుగుబాటు సాధ్యం కాలేదు.

మన తెలంగాణకు వద్దాం. సంస్థానంలో తుపాకి ఉండే చోటు గడీ. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో కురుమ కులస్థుడు దొడ్డి కొమరయ్య చనిపోయాడు. జనం చేతిలో అప్పుడున్నవి కట్టెలు, వడిసెలలు. తర్వాత భర్మార్లు వచ్చాయి, దొరల దగ్గరా రజాకార్ల దగ్గరా గుంజుకున్న తుపాకులు వచ్చాయి. వెట్టి చేసిన మాల మాదిగలు దళాల్లో ఉన్నారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. తుపాకులు పోయాయి. భూమి, నాయకత్వం ఎవరి చేతిలో మిగిలాయో ఈ పత్రిక పాఠకులకు మేము చెప్పాల్సిన పని లేదు. తుపాకి చేతికొచ్చినంత మాత్రాన అధికారం చేతికి రాదని మనం నేర్చుకున్న పాఠం ఇది.

ఇదే ఉస్మానియాలో చదివిన బి. శ్యాంసుందర్ ఇంకో పాఠం తీశాడు. 1968లో గుల్బర్గాలో ఆయన భీంసేన పెట్టాడు. దళితుల ఆత్మరక్షణ దళితులే చూసుకోవాలన్నది దాని సారం. మా క్యాంపస్ చరిత్ర అంటే ఆర్ట్స్ కాలేజీ కట్టడం గురించి పేజీలు రాస్తారు. ఆయనకు ఒక పేరా కూడా దొరకడం కష్టమే.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అక్కడ వాడింది ఎక్కువగా గొడ్డళ్ళు, బరిసెలు. దళితుణ్ణి చంపడానికి ఊళ్ళో తుపాకి దాకా కూడా పోనవసరం లేదు. ఎదురు నిలిచేవాడికి ఏమీ లేదన్న ధీమా చాలు. చుండూరు కేసులో 2007లో పడిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది.

ఈ రెండు ఊళ్ళ తర్వాత వచ్చిన నియమావళిలో ఒక మాట ఉంది, మనవాళ్ళు చాలామంది చూడనిది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నియమావళి 3వ నియమం: అత్యాచారాలు జరిగే అవకాశమున్న ప్రాంతాలను గుర్తించాలి. అక్కడ దళితేతరుల, ఆదివాసేతరుల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి తుపాకులను ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. అక్రమ తుపాకులను పట్టుకోవాలి. అవసరమైతే దళితులకు, ఆదివాసులకు లైసెన్సులివ్వాలి. 1858లో గొట్టం వెడల్పు చేసిన రాజ్యం, 1890లలో భర్తీ ఆపిన రాజ్యం, కనీసం కాగితం మీద లెక్కను తిరగేసింది.

కాగితం మీద హక్కు మార్కెట్లో ధరగా మారుతుందని కూడా గుర్తు పెట్టుకోవాలె. 2014లో కాన్పూరు ఫ్యాక్టరీ 'నిర్భీక్' అని అరకిలో బరువుండే .32 రివాల్వరు తీసింది, ఆడవాళ్ళ రక్షణకట. ధర లక్షా ఇరవై రెండు వేలు దాటింది. పొలం గట్టు మీద దాడికి గురయ్యే మాదిగ కూలి తల్లి ఎన్నేళ్ళ కూలి కూడబెడితే అది కొంటుంది?

కాబట్టి మేము అనేది ప్రతి వాడకూ తుపాకి కావాలని కాదు. 3వ నియమంలో మొదటి మాట లైసెన్సు ఇవ్వడం గురించి కాదు, దాడి చేయగలవాని లైసెన్సు తీసేయడం గురించి. మనం అక్కడ పట్టుబట్టాలె. కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకొకసారి జరగాల్సిన జిల్లా నిఘా కమిటీలో అడగాలె: మీ జిల్లాలో ఏ ఊళ్ళను గుర్తించారు? ఎన్ని లైసెన్సులు ఏ కులాల చేతిలో ఉన్నాయి? ఎన్ని రద్దు చేశారు? చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. అక్షరమొచ్చిన ప్రతి కార్యకర్తా ఒక దరఖాస్తు రాయగలడు. ఆ జవాబులు ఊరూరి నుంచి పోగైతే, తార్నాక పత్రాల్లో మనకు లేని గడిని మనమే గీసుకున్నట్టు.