అంపైరు తీర్పు - అప్పీలు హక్కు

మన సంఘ సభ్యులలో పలువురి పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు. వారి దగ్గర నాలుగు నెలలు గడిపి వచ్చిన మిత్రులకు బేస్‌బాల్ ఆట కొత్త కాదు. క్రికెట్ తెలిసినవారికి అది అర్థం కావడం కష్టమూ కాదు. బంతిని కొట్టినవాడు మొదటి బేస్‌కు పరుగెత్తాలి. అతని కాలు బేస్‌ను తాకేలోగా, అక్కడ బేస్‌ను తొక్కి నిలబడిన ఫీల్డరుకు బంతి అందితే అతడు అవుట్. కాలు ముందా, బంతి ముందా అన్నది రెప్పపాటు వ్యవహారం. తేల్చవలసినవాడు అంపైరు. ఈ రెప్పపాటు తీర్పుల చరిత్రలో, ముప్పై ఏళ్ళు సర్వీసు చేసి వచ్చిన మనబోటి వాళ్ళం ఆలోచించదగ్గ విషయం ఒకటి ఉంది.

పందొమ్మిదో శతాబ్దంలో చాలా ఆటలకు ఒక్కడే అంపైరు. 1952 నుండి మామూలు లీగు ఆటలకు కూడా నలుగురిని నియమించారు. ఎందరున్నా ఒకటే సూత్రం: కంటితో చూసి చెప్పిన తీర్పుకు తిరుగులేదు. జట్టు మేనేజరు మైదానంలోకి వచ్చి కేకలు వేయవచ్చు. మితిమీరితే అంపైరు అతన్ని బయటికి పంపేస్తాడు. తీర్పు మాత్రం మారదు. తెల్లవార్లూ వాదించుకుంటూ కూర్చుంటే ఆట సాగదు కనుక అందులో న్యాయం లేకపోలేదు.

టెలివిజన్ వచ్చాక ఆ సూత్రానికి చిక్కు వచ్చింది. 1985 అక్టోబరు 26న కాన్సాస్ సిటీలో వరల్డ్ సిరీస్ ఆరవ ఆట జరుగుతోంది. సెయింట్ లూయిస్ జట్టు అప్పటికే మూడు ఆటలు గెలిచింది. ఇంకొక్కటి గెలిస్తే కప్పు వారిదే. చివరి ఇన్నింగ్స్‌లో 1-0 ఆధిక్యంలో ఉన్నారు. కాన్సాస్ సిటీ ఆటగాడు హోర్హే ఓర్టా బంతి కొట్టి మొదటి బేస్‌కు పరుగెత్తాడు. అంపైరు డాన్ డెంకింగర్ సేఫ్ అన్నారు. టీవీలో మళ్ళీ చూపిస్తే బంతే ముందు చేరిందని తేటతెల్లమైంది. కాన్సాస్ సిటీ ఆ ఆట 2-1తోనూ, మరునాడు చివరి ఆట 11-0తోనూ గెలిచింది. ఆ తీర్పు తర్వాత సెయింట్ లూయిస్ వారు తేలిక క్యాచ్ ఒకటి జారవిడిచిన మాట కూడా నిజమే. అయినా నింద మొత్తం అంపైరు మీదే పడింది. ఆయనకు బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి.

ఇళ్ళలో కూర్చున్న లక్షలమంది ఆ దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ చూశారు. చూసే అవకాశం లేనిది తీర్పు చెప్పినాయనకే. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఫైలు అందరి బల్లల మీదా ఉంది, సంతకం పెట్టవలసిన అధికారి బల్ల మీద తప్ప!

క్రికెట్ వారు ముందు మేలుకున్నారు. 1992 నవంబరులో దక్షిణాఫ్రికాతో డర్బన్ టెస్టులో, టీవీ చూసి మూడవ అంపైరు రనౌటు ఇచ్చిన తొలి ఆటగాడు మన సచిన్ టెండూల్కరే. బేస్‌బాల్ పెద్దలు 2008 ఆగస్టు దాకా ఆగారు. అప్పుడు కూడా హోమ్ రన్ వివాదాలకు మాత్రమే వీడియో చూడవచ్చన్నారు.

ఆ అరకొర ఏర్పాటు ఫలితం 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో కనిపించింది. ఆర్మాండో గలరాగా అనే బౌలరు 26 మందిని వరుసగా అవుట్ చేశాడు. ఇంకొక్కరు అవుటైతే పర్ఫెక్ట్ గేమ్. 1880 నుండి అప్పటికి 20 సార్లు మాత్రమే సాధ్యమైన ఘనత అది. 27వ ఆటగాడు మొదటి బేస్ దగ్గర స్పష్టంగా అవుటయ్యాడు. అంపైరు జిమ్ జాయిస్ సేఫ్ అన్నారు. గలరాగా ఒక్క మాట అనలేదు, చిరునవ్వు నవ్వి తర్వాతి ఆటగాణ్ణి అవుట్ చేశాడు. ఆట ముగిశాక వీడియో చూసిన జాయిస్ తన తప్పు ఒప్పుకుని, గలరాగాకు స్వయంగా క్షమాపణ చెప్పారు. మరునాడు ఆటకు ముందు జట్టు జాబితా కాగితం అంపైరుకు అందించడానికి గలరాగాయే వచ్చాడు. జాయిస్ కన్నీళ్ళు తుడుచుకున్నారు. ఇద్దరి పెద్దరికమూ లోకం మెచ్చింది. కాని బేస్‌బాల్ కమిషనర్ తీర్పును మార్చలేదు. రికార్డు అలాగే ఉండిపోయింది.

చివరకు 2014లో నిబంధనలు మారాయి. మేనేజరు అభ్యంతరం చెప్పవచ్చు, న్యూయార్క్‌లో కూర్చున్న అంపైర్లు వీడియో చూసి తేలుస్తారు. మొదటి ఏడాది ఇలా పరిశీలించిన తీర్పులలో సుమారు సగం మారాయి. తక్కిన సగం మారలేదు. అంటే అప్పీలు వల్ల ఆటగాడికి న్యాయం జరిగినట్టే, సరిగ్గా చెప్పిన అంపైరు మాటకూ గౌరవం నిలిచింది. బంతి హద్దులో వచ్చిందా లేదా అన్న తీర్పును కూడా కెమెరాలతో సరిచూసే పద్ధతిని 2026 సీజను నుండి ప్రవేశపెట్టాలని 2025 సెప్టెంబరులో నిర్ణయించారు.

యంత్రం వస్తే అంపైరు విలువ పోతుందని వాదించినవారున్నారు. మన సర్వీసు రూల్సులో అప్పీలు ఉన్నందువల్ల ఏ అధికారి గౌరవం తగ్గింది? డెంకింగర్ 1969 నుండి 1998 వరకు అంపైరుగా పనిచేశారు. వేల తీర్పులు చెప్పి ఉంటారు. 2023లో ఆయన మరణించినప్పుడు పత్రికలు ముందుగా రాసింది 1985 నాటి ఆ ఒక్క తీర్పు గురించే. దిద్దుకునే వీలు ఆనాడే ఉంటే అది ఒక నిమిషంలో సమసిపోయేది. అప్పీలు అన్నది నష్టపోయినవాడికి మాత్రమే రక్ష కాదు, తీర్పు చెప్పేవాడికీ అదే రక్ష.